మూత పెట్టి కొలవని చోక్

చనిపోయినవాడి రెండు అరచేతులూ కాలి ఉన్నాయి.

జమున ఫోన్‌లో ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూసింది. చూసిన వెంటనే చిన్నది చేసేసింది. ముందున్న ప్లేటులో శనగపిండి లోచో చల్లారిపోతోంది. సూరత్ సగం ఊరు నిలబడి పొద్దుటి ఫలహారం తినే ఆ బండి పక్కన, మూలబల్ల దగ్గర, ఆమెకెదురుగా చీఫ్ రామలింగేశ్వరరావు కూర్చున్నాడు. చీరల దళారీ వేషం, చంకలో శాంపిళ్ల సంచి. కోడ్ మాటలు అయిపోయాయి. ఆయన "కారం తక్కువైంది" అన్నాడు, ఆమె "నిమ్మకాయ పిండుకోండి" అంది. "మీ బీపీకి అదే మంచిది" అని కూడా అంది గానీ అది కోడ్‌లో లేదు.

"పోలీసులు కరెంటు షాక్ అని రాసుకున్నారు," అన్నాడు చీఫ్.

"షాక్ కాదు సార్. చంపారు."

"ఎలా చెప్పగలవు?"

"హై వోల్టేజీ డబ్బా తెరిస్తే హామ్ ఎవరైనా ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుంటాడు. మాకు అన్నిటికంటే ముందు నేర్పేది అదే. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది. ఈయన రెండో చెయ్యి పెట్టలేదు. ఎవరో పట్టుకుని పెట్టించారు."

చీఫ్ తల ఊపాడు. ఆయనకూ ఆ అనుమానమే.

లక్ష్మీకాంత్ హజీరాలో ఇంజినీరు. సర్కారు లైసెన్సు తీసుకుని, సొంత రేడియోతో ప్రపంచమంతా మాట్లాడుకునే అభిరుచి మనుషుల్ని హామ్‌లు అంటారు. లక్ష్మీకాంత్ అలాంటి హామ్. కామ్‌రేజ్‌లో ఇంటి వెనక షెడ్డులో యాంప్లిఫైయర్లు కట్టేవాడు. రేడియో చిన్న గొంతును పెద్ద గొంతు చేసే యంత్రాలు అవి. కాయిళ్లు, చోక్‌లు అన్నీ తానే తయారుచేసి, తానే పరీక్షించి దేశమంతా పంపేవాడు. చనిపోయిన రోజు మధ్యాహ్నం భార్యకు ఫోన్ చేసి, అన్నం వడ్డించు, చేతులు కడుక్కుని వస్తున్నా అన్నాడట. ఎందుకో ఇలాంటి మామూలు మాటలే చివరి మాటలవుతాయి.

"ఫెలిక్స్ అని ఒకడు," చీఫ్ గొంతు తగ్గించాడు. "ఏ దేశం వాడో తెలీదు. జేబు నిండా పాస్‌పోర్టులు. హామ్‌ల క్లబ్బుకని చెప్పి లక్ష్మీకాంత్ చేత పెద్ద యాంప్లిఫైయర్ చేయించుకున్నాడు. తీసుకెళ్లాక, ఏరియల్ తీగ కూడా కత్తిరించి పంపమన్నాడు. ఆ పొడవు చూసి లక్ష్మీకాంత్‌కి అనుమానం వచ్చింది. హామ్‌లకి ఇచ్చిన ఏ బ్యాండుకీ ఆ పొడవు సరిపోదు. నాకు ఫోన్ చేశాడు. మర్నాటికి మనిషి లేడు."

"ఏ ఫ్రీక్వెన్సీ?"

"పదహారు మెగాహెర్ట్జ్ దాటాక. నడిసముద్రంలో ఓడలు ఆపదొస్తే కేకేసే చోటు."

జమున చేతిలో చెంచా ఆగింది.

"రేపు ఒక గ్యాస్ ఓడని పట్టుకుంటారు. శాటిలైట్ ఫోన్‌ని ఓడలోనే ఉన్న వాళ్ల మనిషి పాడుచేస్తాడు. ఇక మిగిలేది పాత రేడియో. అది కేకేసేసరికి ఇక్కడి నుంచి ఈ యంత్రం హోరు పెడుతుంది. ఒడ్డున వినే స్టేషన్‌కి ఆ హోరు తప్ప ఇంకేం వినపడదు."

"ఏ ఓడ సార్?"

"తెలీదమ్మా. హజీరాకి వచ్చే గ్యాస్ ఓడలు ఒకటా రెండా."

వాటిలో ఒకదానిలో జమున కూతురు అక్షర థర్డ్ ఆఫీసర్. రోజూ ఇంటర్నెట్ మ్యాపులో జమున ఆ ఓడ బాణం గుర్తును వెతుక్కుంటుంది. అది కదిలితే ఊపిరి, ఆగితే భయం. లోకంలో ఇన్ని ఉద్యోగాలుండగా పిల్ల గ్యాస్ బండ మీద కూర్చుని సముద్రం దాటే ఉద్యోగమే ఎంచుకుంది. తల్లి హైదరాబాద్‌లో ఏదో ఆఫీసులో టైపు కొడుతుందని అక్షర నమ్మకం. చీఫ్‌కు ఈ సంగతంతా తెలుసు. తెలిసీ ఎత్తలేదు. ఎత్తితే ఈ పని ఇంకొకరికి ఇవ్వాలి, రేడియో తెలిసి, మరమగ్గాలు ఆడే సాంచాల గల్లీల్లో కలిసిపోగల మనిషి ఆయన దగ్గర ఇంకొకరు లేరు.

ఆయన సంచిలోంచి ఒక సోల్డరింగ్ ఐరన్ తీసి ఇచ్చాడు. "పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. ప్లగ్ పెడితేనే పలుకుతుంది. నువ్వెక్కడుంటే మేమక్కడికి వస్తాం. మధులత అని ఒకావిడ కలుస్తుంది. చీరల ఎక్స్‌పోర్ట్. ఫెలిక్స్ మనిషి, లక్ష్మీకాంత్‌కి ఆర్డరు ఇచ్చిందీ ఆవిడే. మన మనిషి కూడా."

"ఎవరి మనిషి ఎక్కువ సార్?"

"అది ఆవిడకే తెలియాలి."

*

షేర్ ఆటో లింబాయత్‌లో దింపేసరికి జమున మారిపోయింది. మెరుపు పూల సింథటిక్ చీర, జడకు రబ్బరు బ్యాండు, జాకెట్టుకు వేలాడే పిన్నీసులు. గల్లీ రెండు వైపులా సాంచాల మోత. ఆ మోతలో ఎవరైనా కేకేసినా పక్కింటికి వినపడదు. జమునకు ముందు తట్టిన ఆలోచన అదే.

లక్ష్మీకాంత్‌కు చోక్‌లు చుట్టి ఇచ్చే లింగమూర్తి ఇల్లు చివరన ఉంది. సాంచాల మీద పని చేస్తూ, సెలవు రోజున కామ్‌రేజ్ వెళ్లేవాడు. సారు పోయినప్పటి నుంచి కనపడటం లేదు. తలుపు సందులోంచి అతని భార్య ఎల్లవ్వ తొంగిచూసింది.

"లింగమూర్తి బావ ఉన్నడా అక్కా?"

"గా పేరోళ్లు ఈడ లేరు."

"సిరిసిల్ల కెల్లి అచ్చిన."

"సిరిసిల్ల కెల్లి అస్తే మల్ల సిరిసిల్లకే వో. రైలు దొరుకుతది."

"మనిషి లేడంటున్నవ్, మగోని చెప్పులు గడప ముంగట్నే ఇడిసిపెట్టినవ్. నేను జూసిన సరే. వాళ్లు జూస్తే?"

ఎల్లవ్వ చెప్పుల వంక చూసి, గబుక్కున వాటిని లోపలికి లాగింది. వాటితో పాటు జమునను కూడా.

అటక మీది నుంచి రెండు కాళ్లు దిగాయి. మనిషి మాత్రం పూర్తిగా దిగలేదు. భయంతో మొహం పీక్కుపోయింది. తాను ఎవరో జమున చెప్పింది. సారు పేరు చెప్పగానే లింగమూర్తి కళ్లు తుడుచుకున్నాడు.

"సార్ ఆఖరికి చేసిన డబ్బాల చోక్ నువ్వే చుట్టినవా?"

"నేనే మేడం. సార్ గీతలు గీసిచ్చిండు, నేను చుట్టిన."

చోక్ అంటే సన్నటి ఎనామిల్ తీగ చుట్టిన గొట్టం. యాంప్లిఫైయర్‌లో హై వోల్టేజీ దాని గుండానే వస్తుంది. ప్రతి చోక్‌కూ ఒక బలహీనమైన ఫ్రీక్వెన్సీ ఉంటుంది. అక్కడ పూర్తి పవర్ పెడితే చోక్ తనను తానే కాల్చుకుంటుంది. ఆ బలహీనతను తీసేయడం ఎవరి తరమూ కాదు. చుట్ల మధ్య ఖాళీలు వదిలి, హామ్‌లు మాట్లాడని చోటికి దాన్ని నెట్టేస్తారు, అంతే.

"సార్ దాన్ని ఎక్కడికి నెట్టిండు?" జమున ఊపిరి బిగబట్టి అడిగింది.

"పదహారు దాటినంక. గాడ మనోళ్లకు పని లేదన్నడు."

జమున ఊపిరి వదిలింది. తెలియకుండానే ఆ మనిషి దొంగల ఫ్రీక్వెన్సీ మీదే గొయ్యి తవ్వి పోయాడు. కానీ మంచి కబురు వెనకే ఇంకో కబురు నిలబడి ఉంటుంది.

"కని వాళ్లకు ఎర్కయింది మేడం. జర పవర్ వెట్టి జూస్తేనే చోక్ ఏడి అయిందట. మల్ల చుట్టియ్యమని ఒక్కతీరుగ ఫోన్లు. నేను ఎత్తుత లేను."

"ఎత్తకుంటే ఇంటికే అస్తరు గదా," అంది ఎల్లవ్వ. "నేను జెప్తూనే ఉన్న. అటకెక్కి కూసుంటె ఆళ్లకు నిచ్చెనలు లేవా?"

జమున ఆలోచించింది. సిరిసిల్లలో చిన్నప్పుడు ఆమె చేతులు కండెలు చుట్టిన చేతులే. నేతగాళ్ల ఇళ్లలో చుట్టే పని ఆడవాళ్లది. ఆడమనిషి చుట్టడానికి వస్తే ఎవరూ రెండోసారి చూడరు.

"బావా, కొలిచేటప్పుడు సార్ ఏం జేస్తుండె? బల్ల మీద కొలుస్తుండెనా?"

"బల్ల మీద కొలిచింది సార్ నమ్మకపోతుండె. బయట ఒక తీరు జూపెడ్తది, డబ్బాల వెట్టి మూత బిగిస్తే కిందికి జారుతది. చుట్టూత ఇనుము ఉంటది గదా. పెద్ద డబ్బాల అర మెగాహెర్ట్జ్ దాంక జారుతది. మూత బిగించి కొలిచేదాంక నన్ను చాయ్ గూడ తాగనియ్యకపోతుండె."

అప్పుడే బయట సెంటు వాసన వచ్చింది. లింబాయత్‌లో ఆ గల్లీకి ఆ వాసన కొత్త. లింగమూర్తి కాళ్లు అటక మీదికి మాయమయ్యాయి.

గడపలో నిలబడిన ఆడమనిషి తెల్లటి ఆర్గంజా చీర కట్టింది. నల్ల కళ్లద్దాలు, ముక్కుకు అడ్డంగా రుమాలు. వెనక ఇద్దరు మనుషులు. ఆమె మధులత.

"లింగమూర్తి కిధర్?"

"ఊరికి వోయిండు," అంది ఎల్లవ్వ.

"ఈమె ఎవరు?"

"నా చెల్లె."

మధులత అద్దాలు తీసి జమునను కిందికీ పైకీ చూసింది. "ఈ గల్లీలో గాజులు తొడిగే ముసలమ్మ ఉండేది. ఉందా?"

కోడ్ మాట. చెప్పాల్సిన జవాబు జమునకు తెలుసు. చెబితే ప్రాణం ఈమె చేతిలో పెట్టినట్టే. చెప్పకపోతే యంత్రం ఎక్కడుందో తెలీదు.

"గాజులమ్మ కోడలింటికి వోయింది మేడం. చోక్ చుట్టాల్నంటే నేను చుడ్త. బావకు చుట్టిచ్చేది నేనే."

"చలో," అంది మధులత.

*

కారు బమ్రోలిలో కిటికీలు లేని ఒక పాత షెడ్డు ముందు ఆగింది. సాంచాలు ఎప్పుడో అమ్మేశారు, బిగించిన బోల్టుల గుర్తులు మాత్రం నేల మీద ఉన్నాయి. రేకుల పైన ఏరియల్ తీగ సాగదీసి ఉంది. ఆ రాత్రి జమునను ప్లగ్ కూడా లేని పక్కగదిలో పెట్టి తాళం వేశారు, తెల్లవారాక బయటికి పిలిచారు. షెడ్డు గుమ్మం దగ్గర ఒకడు చేతిలో, దాచిన యంత్రాలను పట్టే డిటెక్టర్‌తో నిలబడ్డాడు. వాడు కదలకముందే మధులత జమున సంచిలో చెయ్యి పెట్టి సోల్డరింగ్ ఐరన్ తీసింది.

"ఈ చెత్త వద్దు. లోపల మంచిది ఉంది." పక్కనున్న నీళ్ల బకెట్టులో పడేసింది.

జమున గుండె కూడా ఆ బకెట్టులోనే పడ్డట్టయింది. చీఫ్‌కు ఇక ఏ దారీ లేదు. కోడ్ మాట చెప్పినందుకు తనను తాను తిట్టుకుంది.

ఫెలిక్స్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మర్యాదగా నవ్వాడు. మర్యాదగా నవ్వేవాళ్లంటేనే జమునకు భయం. బల్ల మీద పాత చోక్, కొత్త గొట్టం, తీగ చుట్ట పెట్టి, వచ్చీరాని హిందీలో, త్వరగా చుట్టమన్నాడు.

జమున చుట్టడం మొదలుపెట్టింది. తల ఎత్తితే ఎదురుగా ల్యాప్‌టాప్. స్క్రీన్ మీద నీలి సముద్రం, దాని మీద ఒకే ఒక్క బాణం గుర్తు, పక్కన ఇంగ్లీషులో పేరు.

మేఘవాహిని.

రోజూ ఆమె వెతుక్కునే పేరు. తీగ చేతిలోంచి జారింది, చుట్లు వదులై ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి.

"క్యా హువా?" ఫెలిక్స్ వచ్చి నిలబడ్డాడు.

"ఆకలైతుంది సాబ్. పొద్దుగాల కెల్లి ఏం తినలే."

మధులత బిస్కెట్ ప్యాకెట్ ఒకటి బల్ల మీదికి విసిరింది. జమున తింటున్నట్టు నటిస్తూ చుట్లు విప్పింది. మళ్లీ మొదటి నుంచి చుట్టింది. పిల్ల అక్కడ ఏ గదిలో ఉందో, ఎవరు తలుపు కొడుతున్నారో. ఆలోచించకూడదు. ఆలోచిస్తే చుట్లు తప్పుతాయి.

బలహీనతను ఎక్కడ పెట్టాలన్నదే లెక్క. దొంగల ఫ్రీక్వెన్సీ మీదే పెడితే ఫెలిక్స్ కొలిచి పట్టుకుంటాడు. దూరంగా పెడితే యంత్రం నిక్షేపంలా పని చేస్తుంది. అందుకని దానికి అర మెగాహెర్ట్జ్ పైన, పదిహేడుకు కాస్త ఇవతల పెట్టింది. బల్ల మీద కొలిస్తే దొంగలకు దారి శుభ్రంగా కనపడుతుంది. మూత బిగించాక అది కిందికి జారి సరిగ్గా వాళ్ల దారికి అడ్డం పడాలి. పడాలి. అది లింగమూర్తి మాట ఒక్కటే ఆధారంగా వేసిన లెక్క. ఈ డబ్బా అంత పెద్దదో కాదో, జారడం అంతే ఉంటుందో లేదో ఎవరు చెప్పొచ్చారు? కాస్త తక్కువ జారినా అక్షర గొంతు సముద్రంలోనే ఉండిపోతుంది.

ఫెలిక్స్ చోక్ రెండు కొసలూ కలిపి బల్ల మీదే ఎనలైజర్ పెట్టి కొలిచాడు. తన ఫ్రీక్వెన్సీ దగ్గర గీత నున్నగా ఉంది.

"క్లీన్," అన్నాడు.

"లక్ష్మీకాంత్ అయితే..." అంది మధులత.

ఆర్డరు ఇవ్వడానికి కామ్‌రేజ్ వెళ్లింది ఈమే. సారు మూత పెట్టి కొలవడం ఈమె చూసి ఉంటుంది.

"లక్ష్మీకాంత్ అయితే ఏంటి?" ఫెలిక్స్ తిరిగాడు.

మధులత జమున వేళ్ల వంక చూసింది. తీగ కోసుకుని రెండు చోట్ల రక్తం వస్తోంది.

"లక్ష్మీకాంత్ అయితే ఇంత తొందరగా చేసేవాడు కాదు," అంది. ఫోన్ చూసుకుంటూ బయటికి వెళ్లి, వెనకే షటర్ దించేసింది.

జమున చోక్‌ను బిగించింది. మూత పెట్టి స్క్రూలు తిప్పింది.

"సాబ్, ముందు ఏరియల్ బదులు డమ్మీ లోడ్ పెట్టి ఫుల్ పవర్ చూద్దాం," అన్నాడు డిటెక్టర్ మనిషి.

ఫెలిక్స్ సరేనన్నాడు. ఇప్పుడే పరీక్షిస్తే చోక్ ఇప్పుడే కాలుతుంది. ఇంకొకటి చుట్టించే టైం వాళ్లకుంది. తనకు ఉండదు. డిటెక్టర్ మనిషి ఏరియల్ కేబుల్ ఊడదీయబోయాడు.

రిసీవర్‌లో గొంతు వచ్చింది, ఓడల ఆపద కేక.

"మేడే, మేడే, మేడే. దిస్ ఈజ్ మేఘవాహిని..."

అక్షర. గొంతులో వణుకు లేదు. చిన్నప్పుడు జ్వరం కాస్తున్నా ఏం కాలేదన్నట్టు ఇలాగే మాట్లాడేది.

"ఛోడో. అదే పెట్టు," ఫెలిక్స్ స్విచ్ వేసి పవర్ పూర్తిగా పెంచాడు.

హోరు. కూతురి గొంతు దాని కింద మునిగిపోయింది. జమున యంత్రం వంక చూసింది. ఏమీ కావడం లేదు. మీటరు నిలకడగా ఉంది. లెక్క తప్పింది. మూత చిన్నది, జారింది చాలలేదు. పిల్ల పిలుస్తోంది, ఒడ్డున ఎవరికీ వినపడటం లేదు, వినకుండా చేసింది కన్నతల్లి చుట్టిన తీగ. ఆమె చెయ్యి మెయిన్ స్విచ్ వైపు వెళ్లింది. డిటెక్టర్ మనిషి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏంటీ వాసన?" అన్నాడు ఫెలిక్స్.

ఎనామిల్ కాలే వాసన. మీటరు ముల్లు ఒకసారి ఊగింది. మూత సందుల్లోంచి నీలం మెరుపు, ఆ వెనకే తుపాకీ పేలినంత చప్పుడు. షెడ్డులో దీపాలన్నీ ఆరిపోయాయి. బ్యాటరీ మీద నడిచే రిసీవర్ ఒక్కటే చీకట్లో మాట్లాడుతోంది. అక్షర ఓడ ఉన్న చోటు చెబుతోంది, నిదానంగా, ఒక్కో అంకె. ఆఖర్న ఇంకో గొంతు, ఒడ్డు నుంచి: "మేఘవాహిని, రిసీవ్డ్ మేడే."

జమున బల్ల కిందికి దూరింది. పైన ఫెలిక్స్ ఆమెను వెతుకుతూ కాల్చిన గుండు ఎక్కడో రేకుకు తగిలింది. తర్వాత షటర్ వైపు పరుగెత్తిన అడుగులు, దాన్ని ఎత్తబోయిన చప్పుడు. షటర్ లేవలేదు. బయటి నుంచి తాళం.

అది తెరుచుకునేసరికి అవతల చీఫ్ మనుషులు ఉన్నారు.

*

"పొద్దుటి నుంచి మా వ్యాన్లు ఆ ఫ్రీక్వెన్సీ మీద చెవి పెట్టుకునే తిరుగుతున్నాయి," అన్నాడు చీఫ్, జమున వేళ్లకు కట్టు కడుతున్న కుర్రడాక్టర్ పక్కన నిలబడి. "అంత హోరు పెట్టాక దిక్కు తెలీకపోతుందా. నేవీ కూడా బయల్దేరింది. ఆ ఐరన్ ఏమైంది?"

"మధులత నీళ్లలో పడేసింది." చెబుతుంటేనే జమునకు డిటెక్టర్ మనిషి గుర్తొచ్చాడు. ఇంకో రెండడుగులు వేస్తే అది వాడి చేతిలో పడేది.

"షటర్‌కి తాళం వేసింది కూడా ఆవిడేనా? అయితే మన మనిషే అన్నమాట."

"నేను కూడా లోపలే ఉన్నాను కదా సార్."

మధులత ఎక్కడుందో ఎవరికీ తెలీదు. కామ్‌రేజ్‌లో లక్ష్మీకాంత్ భార్య ఇవాళ కూడా తలుపు వంక చూస్తూనే ఉంటుంది. ఆ సంగతికి ఏ పతకాలూ పనికిరావు.

సాయంత్రం దాకా జమున ఫోన్ చేతిలోంచి దింపలేదు. నేవీ ఓడ ఎక్కింది, అందరూ క్షేమం అని చీఫ్ రెండుసార్లు చెప్పాడు. ఆమె నమ్మలేదు. చివరికి ఫోన్ మోగింది.

"అమ్మా, ఏం చేస్తున్నవ్?"

"ఏముంది బిడ్డా. ఇంట్ల కూసోని టీవీ చూస్తున్న."

"వెనక ఏందా సైరన్?"

"టీవీలనే. నువ్వెట్లున్నవ్? తిన్నవా?"

"తిన్న. ఇయ్యాల మస్తు బోర్ అమ్మా, ఏం జరగలే. శాటిలైట్ ఫోన్ రిపేర్‌లో ఉండె, అందుకే చేయలే. నువ్వు ఊకే భయపడకు."

"నాకేం భయం," అంది జమున.

ఫోన్ పెట్టేసి, కట్టు కట్టిన వేళ్లకేసి చూసుకుంది. తమ ఇంట్లో అబద్ధాలు చెప్పడానికి సర్కారు జీతం ఇచ్చేది తనకే గానీ, పనితనం మాత్రం పిల్లదే.